ఆరున్నొకటి

పైడితల్లి మొదటిసారి ఏడ్చినప్పుడు ఆమె చేతిలో పరాయివాళ్ళ పెళ్ళి జాకెట్టు ఉంది.

పొద్దున్న పదకొండు గంటలు. కుట్టుమిషను ముందు కూర్చుని, చేతుల బిగువు సరిచూస్తూ, ఎదురుగా నిల్చున్నావిడతో నవ్వుతూ మాట్లాడుతున్న పిల్ల ఉన్నట్టుండి భోరుమంది. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారిపోయాయి. "ఏమయిందమ్మా?" అని అడిగితే "ఏటీ నేదండి" అంటుంది, ఏడుస్తుంది. నొప్పి లేదు, దిగులు లేదు, ఏడుపు మాత్రం ఉంది. నాలుగు నిమిషాలకి కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఈలోగా ఆ జాకెట్టు గలావిడ ఇది తన పెళ్ళికి పట్టిన అపశకునమని తేల్చేసుకుంది. "శుభమా అని కుట్టించుకుందామని వస్తే ఈ ఏడుపుగొట్టు మొహం దాపురించింది" అని వీధంతా వినేలా తిట్టి, గుడ్డ లాక్కుని పోయింది.

ఆ సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఏడ్చింది. రాత్రి ఒంటిగంటకి, మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి, మధ్యాహ్నం మూడింటికి. తల్లి నూకరత్నం నాలుగు రోజులపాటు గోడమీది క్యాలెండరులో పెన్సిలుతో గుర్తులు పెట్టి చూసింది. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య సరిగ్గా ఏడు గంటలు. గుర్తులు పెట్టిందే గాని, ఆ అంకెని మాత్రం కూతురి ముందు నోట అనలేదు. "ఆరు గంటలయినాక ఇంకో గంటకి వత్తాదే, కాస్త కాసుకో" అంది.

వారం తిరిగేసరికి నాలుగు నిమిషాలు తొమ్మిదయ్యాయి. రెండోవారానికి పదిహేడు. ఆస్పత్రి డాక్టరు చూసి, ఇది మనసులో ఏడుపు కాదు, నరం ఏడుపు అన్నాడు. అరగంట దాటిందంటే ఊపిరి అందదని కూడా అన్నాడు. ఆ రెండోమాట పైడితల్లికి వినపడకుండా చెప్పాననుకున్నాడు. ఆ పిల్లకి చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

దీనంతటికీ మూలం ఆమె మెడ దగ్గర, చర్మం కింద ఉన్న కందిబద్దంత బిళ్ళ.

పైడితల్లికి పన్నెండో ఏటినుంచి మూర్ఛలు. మిషను తొక్కుతూ ఒకసారి పడిపోతే సూది చూపుడువేలులోంచి దూసుకుపోయింది. ఆ రోజు మొదలు తల్లి ఆమెని మిషను ఎక్కనివ్వలేదు. విజయనగరం ఊరి చివర డాక్టర్ త్రివిక్రమరావు లయనాడి ప్రయోగశాల పెట్టి, మూర్ఛలు ఆపే బిళ్ళ తయారుచేశాడని తెలిసి, నూకరత్నం మొదట రోగి తల్లిగానే ఆ గేటు దగ్గర నిలబడింది. "వరసలో ఉండు, రెండేళ్ళు పడుతుంది" అన్నారు. ఆ గేటు దగ్గరే దర్వానుతో ఆవిడ వేసుకున్న తగువు లోపల గదిలో కూర్చున్న త్రివిక్రమరావుకి అక్షరం అక్షరం వినపడింది. ఆయన బయటికొచ్చి, "ఈ గొంతు నాకు కావాలి" అన్నాడు.

ఆయనకి గొంతు ఎందుకంటే, బిళ్ళకి తీగతోనో గాలితోనో సంఖ్య ఎక్కిస్తే ఎక్కడో కూర్చున్న దొంగ ఎవడైనా దూరి మనిషి మెదడుతో ఆడుకోవచ్చు. అందుకని యంత్రానికి ఒక్క చెవి మాత్రమే పెట్టాడు. మనిషి ఒకరు దాని ముందు కూర్చుని, కాగితం మీది పెద్ద సంఖ్యని అంకె అంకెగా తెలుగులో చదవాలి. యంత్రం విని బిళ్ళకి చెబుతుంది. ఏ గొంతు మొదట చెప్పిందో ఆ గొంతు మాటే బిళ్ళ వింటుంది. అదికూడా దాని బతుకు మొత్తంలో మూడేసార్లు.

"మీ నాయన ఏం చేసేవాడు?" అని అడిగాడు ఉద్యోగం ఇచ్చేరోజు.

"దాన్యం కొలిసీవోడు బాబూ. కుంచం పట్టుకుని కేకేత్తే కళ్ళం అవతలికి ఇనపడీది."

"అయితే ముందే చెబుతున్నాను. కొలతలో ఒకటికి లాభం అంటారుగా, ఇక్కడ ఆ లాభం గీభం కుదరదు. ఒకటంటే ఒకటే."

"ఆ మాత్రం తెల్దేటి బాబూ" అని నూకరత్నం మూతి తిప్పింది. మూడేళ్ళలో రెండువందల పదమూడు మందికి సంఖ్యలు చదివింది. అందరూ ఆవిడని అంకెలమ్మ అనేవారు. ఒక్క తప్పు లేదు.

సంఖ్య సంగతి కూడా త్రివిక్రమరావు ఆవిడకి ఒకసారి చెప్పాడు, పాఠంలా కాదు, విసుగ్గా. "ఉయ్యాల తోశావా ఎప్పుడైనా? సరిగ్గా వేళకి తోస్తే ఎగురుతుంది. వేళ తప్పించి అడ్డదిడ్డంగా తోస్తే నిలబడిపోతుంది. మూర్ఛ అనేది మెదడులో ఎగిరే ఉయ్యాల. నా బిళ్ళ దాన్ని వేళ తప్పించి తోస్తుంది. ఎప్పటికీ వేళ కలవకూడదంటే, తోసే లెక్క దేనితోనూ భాగం పోని సంఖ్య అయి ఉండాలి. చిన్నదైతే మెదడు నెల్లాళ్ళలో పసిగట్టేస్తుంది. అందుకని ఇంత పొడుగు. అర్థమయిందా?"

"అయింది బాబూ. పంచడానికి కుదరని కుప్ప."

ఆయన విసురుగా కాగితాలు సర్దుకున్నాడు. కాని తరవాత ఎవరైనా పెద్దమనుషులు ప్రయోగశాల చూడడానికి వస్తే ఆ మాట తన మాటగా వాడుకున్నాడు.

పైడితల్లి వంతు వచ్చినప్పుడు ఆయన తన పెట్టెలోకల్లా మంచి సంఖ్యని తీశాడు. రెండుని ఎనభైతొమ్మిదిసార్లు వేసి గుణించుకుంటూపోయి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది. ఇరవైయేడు అంకెలు. నూరేళ్ళ కిందటే పరీక్షకి నిలబడిన సంఖ్య. "ఇది రాయి. దీన్ని ఎవడూ పగలగొట్టలేడు" అన్నాడు. నూకరత్నం కాగితాన్ని కళ్ళకద్దుకుని చదివింది. యంత్రానికి తెర లేదు, ముందువైపు మూడంకెల దీపాల గడి ఒక్కటే ఉంది. విన్న అంకెలన్నీ కూడితే ఎంతొచ్చిందో అది చూపిస్తుంది. కాగితం మీది మొత్తం నూటపన్నెండు. గడిలో నూటపన్నెండు వెలిగింది. త్రివిక్రమరావు సంతకం పెట్టాడు.

మూడునెలలు మూర్ఛ రాలేదు. పైడితల్లి మళ్ళీ మిషనెక్కింది. ఆ తరవాతే ఈ ఏడుపు మొదలైంది.

నూకరత్నం ప్రయోగశాలకి వెళ్ళి త్రివిక్రమరావు బల్ల ముందు నిలబడింది. నాయన కళ్ళంలో వేసిన కేక ఆ గదిలో వేసింది.

"నా గుంటని సంపేత్తన్నావు! బిళ్ళలో ఏటెట్టావో సెప్పు!"

"అరవకు. బిళ్ళ బాగుంది. సంఖ్య బాగుంది. మీ అమ్మాయి నరాలే బాగోలేవు."

"మూన్నెల్లు బాగున్న నరాలు ఇప్పుడేటయినాయి?"

"అది ఆస్పత్రివాళ్ళని అడుగు."

"అయితే మల్లీ సదువుతాను. కొత్త సంఖ్య ఇయ్యి."

"బిళ్ళ మూడుసార్లే వింటుంది. ఒకటి అయిపోయింది. కారణం తెలియకుండా రెండోది తగలేస్తానా? ఇదేమన్నా నీ నాయన కుంచమా, ఒలికితే మళ్ళీ ఎత్తడానికి?"

"మా నాయన కుంచం ఏనాడూ ఒలకనేదు" అంది నూకరత్నం. "నీ లెక్కే ఎక్కడో ఒలికింది. ఆ రోజు రికార్డు పెట్టి ఉంటాది గదా, తీసి ఇనిపించు. నీ తప్పు బైటడతాదని బయమా?"

త్రివిక్రమరావుకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "విచారణ అంటూ జరిగితే తప్ప ఆ రికార్డు తెరవకూడదు. విచారణ అంటే నా ప్రయోగశాలని నేనే అనుమానించినట్టు. కూడిక సరిపోయింది. సంతకం నాది. బయటికి నడు."

ఆవిడ బయటికి నడిచింది, ఉద్యోగం వదిలేసి తిన్నగా జిల్లా విచారణాధికారిణికి అర్జీ పెట్టింది. గేటు బయట నేలమీద కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి రోగినీ ఆపి, "ఎల్లకండి, పిల్లల్ని సంపే కొంప" అని చెప్పింది. కొందరు వెనక్కి పోయారు. అందులో మూర్ఛతో నోట నురుగు కక్కే పసివాళ్ళున్న తల్లులు కూడా ఉన్నారు. ఆవిడకి జాలి వేయలేదు. తన గాయం మండుతుంటే పక్కవాడి గాయం కనపడదు కదా. త్రివిక్రమరావు దర్వానుచేత ఆవిడ మీద నీళ్ళు చల్లించాడు. తడిచీరతోనే కూర్చుంది.

ఇంట్లో పైడితల్లి ఏడుపు ఇరవైరెండు నిమిషాలయింది. జాకెట్లు రావడం మానేశాయి. ఇరుగింటివాళ్ళు తలుపులు వేసుకుంటున్నారు. ఏడుపు ఆగాక ఆ పిల్ల ఒగర్చుకుంటూ గోడకి ఆనుకుని, "అమ్మా, ఆ డాక్టరుమీద కేకలేసి ఏటి లాబం? నా గుండె పట్టేత్తంది" అనేది. "నిన్నిట్టా సేసినోడిని వదల్నే" అనేది తల్లి. నెల్లాళ్ళూ ఆ మాటే అంది. చేసినవాడిని వదలనని నూకరత్నం అన్నన్నిసార్లు ఇంకెవరూ అని ఉండరు.

అర్జీ పెట్టిన నెల్లాళ్ళకి విచారణ పెట్టారు, ప్రయోగశాలలోనే. విచారణాధికారిణి ముక్తసరి మనిషి. ఒకపక్క త్రివిక్రమరావు, ఒకపక్క తల్లీకూతుళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పైడితల్లికి మళ్ళీ మూడింటికి రావాలి. క్రితంసారి ఇరవైతొమ్మిది నిమిషాలు ఏడ్చింది. ఆ గదిలో అందరికీ ఆ లెక్క తెలుసు.

"రికార్డు వేయండి" అంది అధికారిణి.

"ఏయండి. అందరూ ఇనండి" అంది నూకరత్నం, చీర కొంగు నడుముకి బిగించి.

ఆవిడ గొంతే వచ్చింది. గంటలా ఉంది. త్రివిక్రమరావు నల్లబల్ల మీద, గొంతు చెప్పింది చెప్పినట్టు సుద్దతో రాసుకుంటూ పోయాడు.

"ఆరు. ఒకటి. ఎనిమిది. తొమ్మిది. ఆరున్నొకటి..."

సుద్ద ఆగింది.

రికార్డు ఆగలేదు. సున్నాలు చదివింది, మిగతావి చదివింది, మధ్యలో ఇంకోచోట మళ్ళీ "ఆరున్నొకటి" అంది, మూడు ఒకట్లతో ముగించింది. 

"అదేం అంకె?" అంది అధికారిణి. ఆవిడ ఈ ప్రాంతపు మనిషి కాదు.

త్రివిక్రమరావు వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "ధాన్యం కొలిచేటప్పుడు ఏడు అనరండి. ఏడు అంటే ఏడవమని కదా. గింజ ఏడుస్తుందని, ఇల్లు ఏడుస్తుందని భయం. ఆరున్నొకటి అంటారు. మనిషికైతే ఏడు అని తెలుస్తుంది. యంత్రం ఆరు విన్నది, ఒకటి విన్నది. రెండంకెలు రాసుకుంది." ఆయన కాగితం చూసి మిగతా అంకెలు కూడా బల్లకెక్కించి, ఏడు ఉండాల్సిన రెండుచోట్లా ఆరు, ఒకటి రాశాడు. అంకెలు లెక్కపెట్టాడు. ఇరవైయేడు ఉండాల్సినవి ఇరవైతొమ్మిది ఉన్నాయి.

"మరి మీ కూడిక?"

ఆయన సుద్దతో అంకెల కింద గీత గీశాడు. "ఆరూ ఒకటీ కలిపితే ఏడేనండి. మొత్తం మారదు. నూటపన్నెండే." తరవాత ఎవరూ అడక్కుండానే ఆ ఇరవైతొమ్మిదంకెల సంఖ్యని ఏడుతో భాగించడం మొదలెట్టాడు. బల్ల చివరిదాకా దించుకుంటూ వెళ్ళాడు. శేషం సున్నా వచ్చింది. రాయి అన్న సంఖ్య కాస్తా చక్కగా ఏడు కుప్పలుగా విడిపోయింది. ఈ అమ్మాయి మెదడు మూడునెలలకి ఆ ఏడుని పసిగట్టిందని, అది ఒక చుట్టు తిరగడానికి గంట పడుతుందని, ఏడో చుట్టుకల్లా బిళ్ళ దానితో వేళ కలిపి తోస్తోందని, అందుకే ఏడు గంటలని ఆయన చెబుతున్నాడు గాని, నూకరత్నానికి ఏదీ వినపడలేదు. నోట్లోంచి తోసేసిన ఏడు పోయి ఆ సంఖ్య లోపలే కూర్చుంది. అంతే ఆవిడకి తెలిసింది. ఇన్నాళ్ళూ వదలనన్న మనిషి ఎవరో కూడా తెలిసింది.

పైడితల్లి తల్లి వైపు తిరిగింది.

"మిగతావోళ్ళకి ఏటన్నావే?"

నూకరత్నం పెదవులు కదిలాయి. "ఏడు."

"ఎందరికి?"

"రెండొందల పదమూడు మందికి."

"ఆళ్ళందరికీ ఏడు అన్నావు. ఆళ్ళు నవ్వుకుంటా తిరుగుతన్నారు. నాకు మాత్తరం ముద్దు సేసి సదివావు." ఆ పిల్ల అరవలేదు, అరిస్తే బాగుండేది. "ఆళ్ళు ఏడిత్తే నీకు పర్నేదు గదే?"

 నూకరత్నానికి తెలియకుండానే జరిగిపోయింది. కూతురి సంఖ్య ముందు కూర్చోగానే నాలిక కళ్ళానికి పోయింది, నాయన దగ్గరికి పోయింది. పరాయివాళ్ళకి చదివినప్పుడు ఎన్నడూ పోలేదు.

"బిళ్ళకి ఇంకా రెండుసార్లు ఉన్నాయి" అన్నాడు త్రివిక్రమరావు. గొంతులో దయేమీ లేదు. "గొంతు ఆవిడదే అయి ఉండాలి. టైము రెండుంపావు."

యంత్రం ముందు కూర్చోబెట్టారు. పక్కన పైడితల్లి, మెడదగ్గర చిన్న గిన్నెలాంటిది ఆనించుకుని. కాగితం అదే. ఈసారి రెండు ఏడుల చుట్టూ త్రివిక్రమరావు ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు.

"ఆరు" అంది నూకరత్నం. "ఒకటి. ఎనిమిది. తొమ్మిది. ఆరు..."

చేత్తో నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది. యంత్రం గడిలో ఎర్రదీపం వెలిగి ఆరింది. మధ్యలో ఆగినా చదివినట్టే లెక్క, ఒక అవకాశం పోయింది.

"ఎర్రసిరాతో రాశాను కదమ్మా!" అని త్రివిక్రమరావు బల్ల చరిచాడు. "చదువుకున్నవాళ్ళని పెట్టుకోక, నిన్ను తెచ్చి కూర్చోబెట్టిన నాకు బుద్ధి లేదు!"

"నీకు బుద్దుంటే అంకెలు ఎన్నయినాయో సూసీవోడివి" అంది నూకరత్నం. "కూడిక సూసుకుని మురిసిపోయినావు."

ఇద్దరూ ఒకరినొకరు నిప్పులు కక్కేలా చూసుకున్నారు. ఇద్దరి మాటలూ నిజమే. ఎవరూ క్షమాపణ అడగలేదు.

రెండు నలభై. ఇంకొక్కసారే మిగిలింది. ఇది పోతే బిళ్ళ ఇక ఎవరి మాటా వినదు. తీసేద్దామంటే నరం దాన్ని అల్లుకుపోయింది, లాగితే మాట పడిపోతుందని ఆస్పత్రిలో ముందే చెప్పారు. నూకరత్నం కాగితం పట్టుకుంది.  కన్నకూతురి మెడమీద గిన్నె ఆనించి ఏడు అని కేకెయ్యాలి. ఏ తల్లీ అనని మాట.

పైడితల్లి వంగి తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పట్టు మోటుగా ఉంది, వేళ్ళు బుగ్గల్లో దిగాయి.

"ఇటు సూడు. గేటుకాడ నెల్లాళ్ళు అరిసినావు గదా, నన్నేడిపించినోడిని వదల్నని. వదలకు. అను."

"నా నోట ఎలాగొత్తాదే..."

"కాయితం సూడకు. యంత్రాన్నీ సూడకు. నా మొకం సూసి తిట్టు. సిన్నప్పుడు బడికెల్లనంటే తిట్టీదానివి గాదా, ఏడు, ఏడిసి సావు అని? అలగే తిట్టు."

నూకరత్నం కూతురి మొహం చూసింది. నెలన్నర ఏడుపుతో కళ్ళకింద తోలు ఒరుసుకుపోయింది. గంట రెండు నలభైఏడు. త్రివిక్రమరావు మీట నొక్కాడు.

"ఆరు. ఒకటి. ఎనిమిది. తొమ్మిది."

ఊపిరి పీల్చుకుంది.

"ఏడు!"

కళ్ళం అవతలికి వినపడే కేక అది. అధికారిణి ఉలిక్కిపడింది. పైడితల్లి రెప్ప వేయలేదు. సున్నా, సున్నా, ఒకటి, తొమ్మిది అంటూ సంఖ్య నడిచింది. పద్దెనిమిదో అంకె దగ్గర రెండో ఏడు వచ్చింది. అదికూడా అంది, ఈసారి మెల్లిగా. చివర మూడు ఒకట్లు ఒకదాని తరవాత ఒకటి పెట్టేసి, కాగితం ఒళ్ళో పడేసింది. గడిలో నూటపన్నెండు వెలిగింది. త్రివిక్రమరావు ఆ నూటపన్నెండుని చూడలేదు. రికార్డు వెనక్కి తిప్పి, వేళ్ళమీద అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఇరవైయేడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఇక గడియారం చూడడమే మిగిలింది. మూడయింది. పైడితల్లి మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, ఎప్పుడూ మొదలయ్యే చోటు, ముక్కు పైభాగం, దగ్గర వేలు ఆనించి కూర్చుంది. మూడూ ఒకటి. మూడూ నాలుగు. వేలు పొడిగానే ఉంది. మూడూ పది దాటాక అధికారిణి తన కాగితాలు సర్దుకుంది. త్రివిక్రమరావు కిటికీ దగ్గరికి వెళ్ళి, అవతలివైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు గదిలో ఏడుపు వినపడింది. అందరూ గతుక్కుమని పైడితల్లి వైపు చూశారు. ఆమె కాదు. నూకరత్నం చీరకొంగు నోట్లో కుక్కుకుని, బల్లమీద తల వాల్చి, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

పైడితల్లి లేచి దగ్గరికి వెళ్ళింది గాని, కళ్ళు తుడవలేదు, దగ్గరికి తీసుకోలేదు. ఆ రెండొందల పదమూడు మంది మాట ఇంకా ఆమె మనసులోంచి పోలేదు. తల్లి భుజం మీద మోటుగా ఒక్క చరుపు చరిచింది.

"ఏడు అని నాకు సెప్పి, నువ్వేడుత్తావేటే అమ్మా?"